ఆవిడ కోప్పడితే నమ్మకండి

జూన్ 3

ఒరేయ్ పిడుగూ,

ఆశీస్సులు తర్వాత. ముందు ఇది చెప్పు: నా షాపు మీదికి జనాన్ని తోలుతున్నది నువ్వేనా?

ఫోన్ చెయ్యొచ్చుగా, ఉత్తరం ఏమిటి అంటావు. ఫోన్లో నేను నోరు తెరవగానే నువ్వు నవ్వడం మొదలుపెడతావు. నీ నవ్వు వింటే నాకూ నవ్వొస్తుంది. అడగాల్సింది అడక్కుండానే పెట్టేస్తాను. కాగితానికి ఆ జబ్బు లేదు, అందుకని రాస్తున్నాను. సగం షాపులో మీ బావ కుట్టుమిషను టకటకలాడుతోంది, మిగతా సగంలో తాళం కప్పల మధ్య చోటు చేసుకుని నేను కూచున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు మిషనుది.

పోయిన వారం పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి బయట నలుగురు నిలబడి ఉన్నారు. మంచి బట్టలు, మెరిసే బూట్లు. ఎక్కడికో బయల్దేరి ఇంటి తాళం పోగొట్టుకున్నట్టున్నారు పాపం అనుకున్నాను. వాళ్ళలో కళ్ళజోడు అమ్మాయి ముందుకొచ్చి, గొంతు తగ్గించి, "గడియారాలాయన పంపాడు" అంది. ఏ గడియారాలాయన? మన వీధిలో గడియారాల షాపు మూతపడి ఎన్నేళ్ళయింది! ఆ మాటే అన్నాను. నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వారు. "పెట్టె తాళం చెవి ఇవ్వండి" అన్నారు. ఏ పెట్టె అంటే, "మీకు తెలుసు" అన్నారు.

నాకు తెలిస్తే నేనెందుకు అడుగుతానురా?

కాసేపు ఓపిగ్గా చెప్పాను. నా ఓపిక ఎంతసేపుంటుందో నీకు తెలుసుగా. "తాళాల షాపుకొచ్చి మీది కాని తాళం చెవి అడిగేవాళ్ళని ఏమంటారో తెలుసా? పోలీసుల్ని పిలవనా?" అని కేకలేశాను. చప్పట్లు కొట్టారు! నిజంరా, నలుగురూ కలిసి చప్పట్లు కొట్టారు. ఒకడైతే "సూపరండీ" అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

ఆ రోజు నుంచి రోజూ ఇదే తంతు. ఇద్దరొస్తారు, అయిదుగురొస్తారు, ఆదివారమైతే గుంపులే. ఒకావిడ నా బల్ల కింద దూరింది. ఒకాయన నేను చాయ్ తాగిన గ్లాసు తిరగేసి అడుగు చూశాడు. నిన్న ఒక కుర్రవాడు చేతిలో కార్డు పట్టుకుని అందులోనూ నా మొహంలోనూ మార్చి మార్చి చూస్తుంటే, లాక్కుని చదివాను. "ఆఖరి తాళం చెవి తాళాలావిడ దగ్గర ఉంది. లేదంటుంది. కోప్పడుతుంది. ఆవిడ కోప్పడితే నమ్మకండి." కింద మీ కంపెనీ బొమ్మ.

మీ బావ దాన్ని చదివి, "మీ తమ్ముడు నిన్ను బాగానే గమనించాడు" అన్నారు. ఆయన సంగతి తర్వాత చూస్తాను. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తున్నది ఆయనే.

ఆ కార్డు తీసెయ్. నన్ను ఒక్క మాట అడక్కుండా నన్ను తీసుకెళ్ళి ఆటలో పెట్టడమేమిట్రా, నేనేమైనా బొమ్మనా?

వేళకి తింటున్నావా? నీ గదిలో పంపు కారుతోందన్నావు, బాగు చేయించావా లేదా?

కోపంగానే,
అక్క

జూన్ 8

అక్కకి, పక్కన ఉంటే బావకి కూడా,

నమస్కారాలు.

నీ ఉత్తరం నేను చదువుకుని, ఆగలేక ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మా మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఈవిడని జీతమిచ్చి పెట్టుకోవాల్సిందయ్యా" అన్నాడు. ఏం తిట్లక్కా అవి! కాగితం మీద కూడా నీ గొంతు వినపడింది.

నీకు చెప్పకుండా పెట్టింది కావాలనే. చెబితే నువ్వు సిగ్గుపడి మెత్తగా మాట్లాడతావు, ఆట చప్పబడిపోతుంది.

నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. బల్ల మీద పెట్టుకుని ఆడేవీ ఫోన్లో ఆడేవీ కావు మా ఆటలు. మామూలు చోట్ల, మామూలు జనం మధ్య ఆడేవి. బస్సులో ఆడేది ఒకటుంది: నువ్వు ఆవలించాలి, నిన్ను చూసి ఎంతమంది ఆవలిస్తే అన్ని పాయింట్లు. బజార్లో ఆడేది ఇంకోటి: ఒక నిమ్మకాయని ఈ చివరి కొట్టు నుంచి ఆ చివరి కొట్టు దాకా ఎవరికీ అనుమానం రాకుండా, ఒక బుట్టలోంచి ఇంకో బుట్టలోకి మారుస్తూ చేర్చాలి. మా ఆఫీసులో నడిచేది క్లిప్పుల ఆట. అవతలివాడికి తెలియకుండా వాడి చొక్కాకి బట్టల క్లిప్పు తగిలించాలి. మా మేనేజరు మొన్న వీపు నిండా క్లిప్పులతో పెద్ద మీటింగుకి వెళ్ళొచ్చాడు.

వీటన్నిట్లోకీ పెద్దది ఈ "పోయిన పెట్టె" ఆట. పోయిన పెట్టెనీ దాని తాళం చెవినీ కార్డులు చూసుకుంటూ వెతకాలి, వీధి వీధంతా ఆటే. గడియారాలాయన మేము కల్పించినవాడు, పేపర్లమ్మే అతను మేము పెట్టిన నటుడు, పక్కన పూలావిడ మాత్రం నిజం పూలావిడే. ఎవరు ఆటలో ఉన్నారో ఎవరు లేరో తెలియదు చూడు, మజా అంతా అక్కడే ఉంది.

ఇదంతా నాకు నేర్పిందెవరు? అమ్మ బీరువా తాళం చెవి గుర్తులేదూ? డాక్టరు దగ్గర వరసలో, బస్టాండులో, బడి మెట్ల మీద, ఎక్కడుంటే అక్కడే మన ఆట. నీ చేతిలోంచి నా సంచిలోకి, నా సంచిలోంచి నీ జడ కిందికి. రాత్రి పడుకునేటప్పటికి ఎవరి దగ్గరుంటే వాళ్ళు గెలిచినట్టు. అడిగితే మాత్రం లేదనాలి. "నా దగ్గర లేదు పోరా!" అని నువ్వు ఎంత గట్టిగా అరిస్తే అంత నీ దగ్గరే ఉన్నట్టు. కార్డు మీద నేను రాసింది ఆ సంగతే. నిన్ను తలుచుకునే రాశాను.

ఇంతకీ ఆ తాళం చెవి ఆఖరికి ఎవరి దగ్గర మిగిలింది? నా అనుమానం నీ మీదే.

పంపు ఇంకా కారుతోంది. కింద గిన్నె పెట్టాను.

ఇంకా తిట్టు.

నీ పిడుగు

జూన్ 13

ఒరేయ్,

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్ట ముట్టించుకోవడానికి నిప్పడిగాడట ఇంకొకడు. అలా ఉంది నీ జవాబు.

నేను మొరపెట్టుకుంటే దాన్ని తీసుకెళ్ళి ఆఫీసులో చదివి నవ్విస్తావా? మీ మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడని నేను సంతోషించాలా? సరే, నీ బుర్రకి ఎక్కేట్టు చెబుతాను, నవ్వకుండా చదువు.

నా వెనక గోడకి కొక్కేల పలక ఉంది, గుర్తుందా? చిన్నప్పుడు నువ్వు దాన్ని పట్టుకుని ఊగి ఒక కొక్కెం పీకేశావు కూడా. వీధిలోవాళ్ళు వాళ్ళింటి రెండో తాళం చెవి తెచ్చి దానికి తగిలించి వెళతారు. చీటీ లేదు, సంతకం లేదు, రుసుము అంతకన్నా లేదు. "నీ దగ్గర ఉండనీ అక్కా" అంటారు, అంతే. ఎవరింటి తలుపుకి తాళం పడిపోయినా, ఎవరి తాళం చెవి పోయినా పరుగెత్తుకొస్తారు, నేను తీసిస్తాను. ఈ షాపుకి ఉన్న ఆస్తి నా ఆకురాయీ ఆ పలకా, ఇంకేం లేదు. తాళాలు బాగుచేసేవాళ్ళకి చేతి పనితనం ఎంత ఉన్నా, మాట చెల్లకపోతే ఇంట్లోకి ఎవరు రానిస్తారురా?

బుధవారం టీచరమ్మ వచ్చింది. మన ముగ్గురికీ లెక్కలు చెప్పిన టీచరమ్మే, మీ బావతో కలిపి. అప్పుడు లోపల అరడజను మంది ఉన్నారు. నేను వాళ్ళని తిడుతున్నాను, వాళ్ళు ఈలలు వేస్తున్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. గుంపు వెళ్ళాక, "నా తాళం చెవి ఒకసారి ఇవ్వమ్మా" అంది. ఎందుకండీ, పోయిందా అన్నాను. "పోలేదు. నీ మీద అనుమానమూ కాదు. కానీ నువ్వు నిజంగా మాట్లాడుతున్నావో ఆడుతున్నావో ఇప్పుడు నాకు తెలియడం లేదు" అంది. నేను ప్రమాణం చేయబోతే, "ఇందాక వాళ్ళతోనూ ఇలాగే ప్రమాణం చేశావు కదా" అంది. తీసిచ్చాను. ఇంకేం చెయ్యను?

ఆవిడ చూసి పై అంతస్తు బ్యాంకు గుమాస్తా పట్టుకుపోయాడు. ఆయన్ని చూసి పళ్ళ డాక్టరు. పలక మీద కొక్కేలు ఖాళీ అవుతున్నాయి. ఖాళీ అయిన కొక్కెం కింద గోడ మీద తాళం చెవి ఆకారంలో తెల్లటి మరక ఉంటుంది, అది చూస్తూ పని చేసుకోలేకపోతున్నాను.

నీకు రూలంటే అంత గౌరవం కదా, ఇంకో రూలు కూడా ఉండేది, అది మర్చిపోయావు. గోడ మీంచి దూకి పన్ను విరగ్గొట్టుకుని నువ్వు "అక్కా నొప్పి" అంటే తాళం చెవి కోసం దొంగేడుపని నేను పట్టించుకోలేదు. అమ్మ వచ్చి నీ నోట్లో రక్తం చూసి, మనిద్దరి చెవులూ మెలేసి చెప్పింది: ఎవరైనా తూచ్ అన్నారంటే ఆట అక్కడికక్కడ ఆగిపోవాలి, రెండో మాట ఉండకూడదు. ఆ రోజు నుంచి ఎప్పుడైనా ఆ మాట తప్పామా?

ఇప్పుడంటున్నాను. తూచ్. అర్థమయిందా? తూచ్.

అమ్మ బీరువా తాళం చెవి నా దగ్గర లేదు. దాన్ని అడగడానికి ఇదా సమయం!

గిన్నె పెట్టడం కాదు, వాషరు మార్పించు.

అక్క

జూన్ 17

అక్కా,

హడావిడిలో ఉన్నాను, కాస్త చిన్నగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు శుభవార్త. "పోయిన పెట్టె" ఇంకో రెండు నెలలు పొడిగించారు! కారణం ఎవరనుకున్నావు, నువ్వే. ఆడినవాళ్ళందరూ తాళాలావిడ గురించే రాస్తున్నారు. నీ ఉత్తరం చూశాక నాకు కొత్త ఆలోచనలు వచ్చి, కార్డులు మార్చి రాశాను. ఆ ఖాళీ కొక్కేలు, గోడ మీద తెల్లటి మరకలు! అలాంటిది ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా నాకు తట్టేది కాదు. "ఆవిడ వెనక ఖాళీ కొక్కెం ఏది పోయిందో చెబుతుంది" అని ఒక కార్డు వేశాను. ఇంక "తూచ్" అన్నావు చూడు, అక్కడ పడిపోయాను. ఎన్నేళ్ళయిందక్కా ఆ మాట విని! దాన్ని కూడా వదల్లేదు: "ఆవిడ తూచ్ అందంటే, వెనక్కి తగ్గకండి. పెట్టెకి దగ్గరగా వచ్చేసినట్టే."

టీచరమ్మ అలా అందంటే నువ్వెంత బాగా చేస్తున్నావో చూసుకో. ఆవిడనే నమ్మించావంటే మాటలా!

కొత్త కార్డులు రేపటి నుంచే. ఆదివారం ఎక్కువమంది వస్తారు, బావని ఇంకో నాలుగు కుర్చీలు చూడమను.

ఇట్లు,
నీ గర్వపడే తమ్ముడు

జూన్ 24

ఆటల రచయిత గారికి,

నమస్కారం. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఆదివారం మా షాపు దగ్గర జరిగిన సంగతి మీ కంపెనీకి తెలియజేయడం అవసరమని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఉదయం షాపు నిండా మీ ఆటగాళ్ళు ఉన్నారు. షాపు ముందు గట్టు మీద కూడా కూచున్నారు. ముందు రోజు మీ ఆట ఆడే ఒకావిడ ఏడుస్తూ వచ్చి, బిడ్డ గదిలో ఉండిపోయింది, తాళం చెవి ఇవ్వండి అని నా చేతులు పట్టుకుంది. నేను పనిముట్ల సంచి తీసుకుని ఆవిడ వెంట వీధి చివరి దాకా పరుగెత్తాను. అక్కడ ఆవిడ కళ్ళు తుడుచుకుని, పకపకా నవ్వి, "తాళం చెవి సంచిలో ఉందన్నమాట" అని కార్డు మీద రాసుకుంది. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఆదివారం ఇంకొకావిడ పరుగెత్తుకొచ్చి అదే మాట అంది.

"తలుపు లాక్ పడిపోయిందండీ, పాప లోపలుంది, పొయ్యి మీద పాలున్నాయి" అంది. నేను తల ఎత్తలేదు. "ఇది నిన్ననే అయిపోయింది. కొత్తదేదైనా చెప్పమనండి మీవాళ్ళని" అన్నాను. ఆకురాయితో నా పని నేను చేసుకుంటూనే ఉన్నాను. ఆవిడ బల్ల మీద చేతులు కొట్టి బతిమాలింది. మీ ఆటగాళ్ళు "అబ్బ, ఈవిడ ఇంకా బాగా చేస్తోంది" అనుకున్నారు. మా ఆయన మిషను ఆపి, "ఏమేవ్, ఒకసారి చూడు" అన్నారు. అప్పుడు చూశాను. ఆవిడ ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు. చేతుల నిండా సబ్బు నురగ. నటించేవాళ్ళు రెండు కాళ్ళకీ చెప్పులు వేసుకుని వస్తారండీ.

పాల డిపో పక్క మేడ, మూడో అంతస్తు. కొత్తగా అద్దెకొచ్చారట, ఆవిడ మొహం నాకు తెలియదు. బాల్కనీలోంచి జారిపడ్డ గుడ్డ తెచ్చుకుందామని కిందికి దిగితే తలుపు దానంతటదే పడి తాళం బిగుసుకుంది. నేను సంచి తీసుకుని పరుగెత్తాను. మీ ఆటగాళ్ళందరూ నా వెంట పరుగెత్తారు. నాకంటే చిన్నవాళ్ళు, నాకంటే ముందు మెట్లెక్కేశారు. ఆ మెట్లు ఇద్దరు పట్టే వెడల్పు కూడా లేవు. ముగ్గురు తలుపు దగ్గర చెవులు ఆనించి కూచున్నారు, మిగతావాళ్ళు మెట్ల మీద ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. తప్పుకోండి అని అరిచాను. చప్పట్లు. కాళ్ళు పట్టుకుంటాను, ఇది నిజం, లోపల పసిపిల్ల ఉంది అన్నాను. ఈలలు. తలుపు సందులోంచి మాడు వాసన వస్తోంది. ఆ తల్లి నా చీర కొంగు పట్టుకుని వెనక నుంచి తోస్తోంది. నాకు ఇంకేం తోచక, గొంతు చించుకుని "తూచ్!" అని అరిచాను.

అందరూ ఎగిరి గంతేశారు. "దగ్గరికి వచ్చేశాం, దగ్గరికి వచ్చేశాం" అని ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత వాళ్ళ కార్డు చూస్తే అర్థమయింది; మీ 17వ తేదీ ఉత్తరం నాకు ఈ ఉదయమే అందింది.

ఆఖరికి నేనే మీ ఆట ఆడాను. ఏడుపు మింగి, నవ్వు మొహం పెట్టి, "ఇదిగో వినండి, వీపు గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి, కదలకుండా ఎవరు నిలబడతారో వాళ్ళకే పెట్టె" అన్నాను. ఒక్క క్షణంలో మెట్లన్నీ ఖాళీ అయ్యాయి. బొమ్మల్లా గోడకి అతుక్కుపోయారు. నేను వాళ్ళ మధ్య నుంచి పైకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది, తాళంలో పెట్టిన కడ్డీ జారింది, మళ్ళీ పెట్టి తెరిచాను.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. కట్టేసి కిటికీలు తెరిచాను. పాప మంచం కింద దొరికింది. వాళ్ళమ్మ తలుపు బాదుతుంటే దాగుడుమూతల్లో వెతుకుతోందనుకుని ఇంకా లోపలికి జరిగిందట. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టి, "చెప్పకు" అంది. ఇంకొంచెంసేపు ఆలస్యమైతే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. బల్ల దగ్గర తల ఎత్తకుండా నేను కూచున్న ఆ కాసేపూ నాకు నిద్రలో కూడా గుర్తుకొస్తోంది.

కిందికి దిగుతుంటే మీ ఆటగాళ్ళు ఇంకా గోడకే అతుక్కుని ఉన్నారు. కళ్ళజోడు అమ్మాయి పెదాలు కదపకుండా, "మాలో ఎవరు గెలిచామండీ?" అని అడిగింది. నన్ను నోరుగలదంటారు. ఆ పిల్ల చేతిలో కార్డు లాక్కుని దిగిపోయాను, అంతే.

మీ ఆటలో ఆపడానికి మాటంటూ లేకుండా పోయిందన్న సంగతి మీరు దయచేసి గమనించగలరు. ఒకటుంటే దాన్ని కూడా మీరు ఆటలో కలిపేశారు.

ఇట్లు,
తాళాలావిడ

జూన్ 27

అక్కా,

మీరు అనొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పు తీసుకుని కొట్టు, ఇంకెప్పుడూ గుమ్మం తొక్కొద్దను, కానీ నన్ను గారు అనకు. కవరు మీద నీ చేతిరాత చూసి నవ్వుకుంటూ చింపాను. మొదటి లైను చూసి ఎవరికో రాసింది పొరపాటున నాకొచ్చిందనుకున్నాను. తర్వాత నా గది బయట మెట్ల మీదే కూచుండిపోయాను.

వెంటనే ఫోన్ చేశాను. బావ ఎత్తి, "మీ అక్క పనిలో ఉంది" అన్నాడు. మళ్ళీ చేశాను. "ఇంకా పనిలోనే ఉంది" అన్నాడు. బావ గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

నువ్వు తూచ్ అని రాశావు. రెండుసార్లు రాశావు. నేను దాన్ని చూసి మురిసిపోయి కార్డు మీద అచ్చు వేయించాను. నీ కోపం నాకు చిన్నప్పటి నుంచీ ఎంత ఇష్టమంటే, అది కోపమని మర్చిపోయాను.

నీ ఉత్తరం ఆఫీసులో మళ్ళీ చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆట ఆపాలన్నాను. మేనేజరు ఇంకో నెల నడిచాక చూద్దామన్నాడు. అయితే నేనుండనని చెప్పి, బల్ల ఖాళీ చేయడం మొదలుపెడితే దిగొచ్చాడు. నిన్న సాయంత్రం అన్ని చోట్లా ప్రకటన వేశాం: "పోయిన పెట్టె ఆట ముగిసింది. తాళాలావిడకి ఆటతో ఏ సంబంధమూ లేదు." ఇదిగో ఇప్పుడే చూశాను, దాని కింద ఎవరో రాశారు: "అంటే ఖచ్చితంగా ఆవిడ దగ్గరే ఉందన్నమాట." దాన్ని వందలమంది మెచ్చుకున్నారు.

అక్కా, నేను తయారుచేసిందాన్ని నేనే ఆపలేకపోతున్నాను. శుక్రవారం బయల్దేరి వస్తున్నాను. నీ షాపు గట్టు మీద కూచుని వచ్చినవాళ్ళందరికీ నేనే చెబుతాను. నన్ను లోపలికి రానివ్వకపోయినా ఫరవాలేదు, గట్టు వీధిదే కదా.

ఒక్క తిట్టు రాయి. చిన్నదైనా సరే.

పిడుగు

జూలై 14

ఒరేయ్ పిడుగూ,

క్షేమంగా చేరానని బావకి ఫోన్ చేసి చెబితే సరిపోతుందా, నాకు వేరే చెప్పక్కర్లేదా? వెధవా.

నువ్వు గట్టు మీద కూచున్న ఆ వారం రోజులూ నేను నీతో సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడాలని లేక కాదు, చూస్తూ ఉండిపోయాను. "ఆట అయిపోయిందండీ, నమ్మండి, దాన్ని రాసింది నేనే" అని నువ్వు చేతులు జోడిస్తుంటే, "ఈయన ఎవరో కొత్తాయన, ఆవిడకంటే బాగా చేస్తున్నాడు" అని వాళ్ళు నీతో ఫోటోలు దిగుతుంటే, నాకు జాలి వెయ్యలేదురా. కడుపు నిండింది. నీ మొహం ఎర్రగా అయిపోయి, "మీకు చెబితే అర్థం కాదా!" అని అరిచి, వాళ్ళు చప్పట్లు కొట్టగానే నా వైపు తిరిగి చూశావు. అప్పుడు మాత్రం కొంచెం జాలి వేసింది.

ఇప్పుడు తగ్గారు. నిన్న ఒక్కళ్ళే వచ్చారు. మీ బావ కుర్చీలన్నీ ఎత్తి అటక మీద పెట్టేశారు, నేను చెప్పకుండానే. వచ్చినవాళ్ళని ఆయనే గుమ్మంలో ఆపి, టేపు తీసి, "చొక్కాకా, ప్యాంటుకా?" అని కొలతలు మొదలుపెడుతున్నారు. దెబ్బకి పారిపోతున్నారు.

టీచరమ్మ తాళం చెవి ఇంకా రాలేదు. నువ్వు వాళ్ళింటికి వెళ్ళి తప్పంతా నీదని చెప్పావట, ఆవిడే అంది. "మీ తమ్ముడు చిన్నప్పుడూ ఇంతే, చేసేసి తర్వాత లెక్క సరిచూసుకునేవాడు" అంది. చెవి సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఎప్పటికైనా ఇస్తే ఇస్తుంది. పళ్ళ డాక్టరు మాత్రం తాళం పనులు వేరేచోట చేయించుకుంటున్నాడని విన్నాను.

అసలు సంగతికొస్తాను. నిన్న మధ్యాహ్నం ఆవిడ వచ్చింది, పాపని చంకనేసుకుని. ఆ పాల డిపో పక్కావిడ. నేను నిలబడిపోయాను. తిట్టడానికే వచ్చిందనుకున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధపడ్డాను కూడా. ఆ రోజు నా బల్ల ముందు ఆవిడ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు కదా. "అమ్మా, ఆవేళ నేను..." అని మొదలుపెట్టాను.

ఆవిడ పాపని కిందికి దింపింది. కొంగు ముడి విప్పి ఒక తాళం చెవి తీసింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా వెనక పలక మీద ఖాళీ కొక్కేనికి తనే తగిలించింది. టీచరమ్మ కొక్కెమే. అప్పుడు నా వైపు చూసి, "మళ్ళీ ఎప్పుడైనా తలుపు పడితే, ఈసారి మీరు నన్ను నమ్మక్కర్లేదండీ. చెవి మీ దగ్గరే ఉంటుంది" అంది.

దెప్పిందో దయతలిచిందో నాకు తెలియదు. రెండూ అయ్యుండొచ్చు. ఆవిడ వెళ్ళాక ఆకురాయి పట్టుకున్నాను, కళ్ళు కనపడక పక్కన పెట్టేశాను. మీ బావ మిషను ఆపకుండానే, "ఏడిస్తే ఏడువు, ఇప్పుడెవరూ చప్పట్లు కొట్టరు" అన్నారు. ఏడ్చాను.

సరే, ఉంటాను. ఈ ఉత్తరం ఆఫీసులో చదివావని తెలిసిందో, వచ్చి మరీ తంతాను. పంపు బాగు చేయించు, ఇది ఎన్నోసారి చెప్పడం!

ఇంకోమాట. అమ్మ బీరువా తాళం చెవి నా దగ్గర లేదు. నువ్వు వెళుతూ చెప్పులేసుకుంటుంటే నీ సంచి నేను ముట్టుకోలేదు. ఒట్టు. లేదంటే లేదు పోరా!

అక్క